షేరూ తలకు బ్రూనో ఒళ్లు

తప్పిపోయిన కుక్కను మీరెప్పుడైనా వెతికారో లేదో నాకు తెలియదు. వెతికినా, దాని బదులు పక్కింటాయన పై అధికారి కుక్కను పట్టించి తెచ్చి, అదే పక్కింటాయన వరండాలో కట్టేయించిన ఘనత మాత్రం మీకు ఉండి ఉండదు. నాకు ఉంది. కాబట్టి కాస్త స్థిమితంగా కూర్చోండి. జరిగింది ఘోరమే గాని ఇందులో ఎవరూ చావరు. ఒక పెద్దమనిషి ప్రమోషన్ మాత్రం గాలిలో దీపమైంది, అంతే.

అప్పట్లో మేం రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండేవాళ్లం. రైలు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాప్‌లో మా నాన్న ఉద్యోగం. మా క్వార్టర్ల వరసలో శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి దిగిపోయిన తెలుగువాళ్లు చాలామందే ఉండేవారు. ఇంట్లో సిక్కోలు తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కూరగాయల దగ్గర ఛత్తీస్‌గఢీ. నేను డిగ్రీ ముగించి, ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నానని అందరికీ చెబుతూ, పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు చేసేవాణ్ణి.

బొమ్మలంటే మామూలు బొమ్మలు కావు. వీధిలో తిరిగే జంతువును ఫోటో తీసి, దాన్ని ఏ లోకంలోనూ లేని మృగంగా మార్చడం నా కళ. మేకకు గద్ద రెక్కలు అతికించేవాణ్ణి. బల్లికి చేపల బజారులో తీసిన బొచ్చె పొలుసు తొడిగేవాణ్ణి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు నాకంటే నయం. నేను పట్టిన ప్రతి కుందేలుకూ ఆరు కాళ్లు, రెండు తోకలు. వెనక వీధి పాలవాడి గేదెకు ఒకసారి ఏడు కొమ్ములు పెట్టి, కళ్లలో నిప్పులు పోసి మా అమ్మకు చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది.

“ఇన్ని కొమ్ములేట్రా,” అంది. “పాలు పితకడానికి ఎటు కూకుంటాడు?”

కళను అర్థం చేసుకోలేని ఇంట్లో పుట్టానని ఆ రోజు చాలా బాధపడ్డాను.

ఇక షేరూ సంగతి. షేరూ మా పక్క క్వార్టర్ సత్యవతత్త పెంచుకున్న కుక్క. అత్త అంటే చుట్టరికం కాదు, పక్కింటి వరస. ఆమె భర్త అప్పారావు మావ వర్క్‌షాప్‌లో వెల్డర్. షేరూ అని పేరు పెట్టినవాళ్లెవరో గాని, ఆ కుక్కలో పులి లక్షణం పేరు దగ్గరే ఆగిపోయింది. మట్టిరంగు, బక్క ఒళ్లు, ఒక చెవి కొస చిరిగి ఉండేది. ప్రెషర్ కుక్కర్ కూత వేస్తే మంచం కిందికి దూరి, కళ్లు పైకి తిప్పి, ‘నేనేం చేశానని’ అన్నట్టు చూసేది. అయినా అత్తకు అది ప్రాణం. ఆమె కూరగాయలకు వెళితే వెంట, గుడికి వెళితే చెప్పుల దగ్గర కాపలా. చేప ముక్క మావకు తక్కువైనా ఫరవాలేదుగాని షేరూకు తక్కువ కాకూడదు.

ఆ ఏడాది నేను షేరూకు బోలెడు ఫోటోలు తీశాను. అత్త మురిసిపోయింది. “మా ఓడికి ఫోటోలు తీసినోడివి నువ్వొక్కడివే,” అని నాకు అరిసెలు పెట్టింది. ఆ అరిసెలు తిన్న చేత్తోనే నేను ఆ ఫోటోలన్నింటినీ శరభాలుగా, యాళులుగా, మకరాలుగా మార్చేశాను. మార్చినవి మార్చినట్టు, అసలు ఫోటోల మీదే సేవ్ చేశాను. అసలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టుకోవడం గుమాస్తాల పని, కళాకారుడి పని కాదని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం మీకూ ఉంటే ఇక్కడితో చదవడం ఆపి, వెళ్లి నకళ్లు తీసుకుని రండి. నేను ఆగుతాను.

దీపావళి వచ్చింది. కుక్కరు కూతకే మంచం కింద దూరే జీవి లక్ష్మీబాంబుకు ఏం చేస్తుంది? గొలుసు తెంచుకుని పారిపోయింది. తెల్లారి అత్త ఇల్లిల్లూ తిరిగింది. వర్క్‌షాప్ గోడ వెంట, రైలు పట్టాల వెంట పిలుచుకుంటూ తిరిగింది. తర్వాత ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుండిపోయింది. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడూ వెలగలేదు. మావ టిఫిన్ డబ్బాలో మా అమ్మ అన్నం పెట్టి పంపించింది.

సాయంత్రం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు.

“సీనూ, నువ్వు ఫోటోలు తీసినావు కదరా,” అన్నాడు మావ. “ఒకటి ఇచ్చీ. పోస్టర్ ఏయించి అన్ని చోట్లా అతికించీద్దాం.”

అత్త ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుని ఉంది. “నీ దగ్గిర ఉన్నాయి కదా. అదొక్కటే ధైర్నం నాయినా,” అంది.

నేను కంప్యూటర్ తెరిచాను. మొదటి దాంట్లో షేరూకు సింహం జూలు, రెండు రెక్కలు, నుదుట మూడో కన్ను. రెండో దాంట్లో నడుము కింద నుంచి మొసలి. మూడో దాంట్లో ఏనుగు దంతాలు. నాలుగోది అసలు చెప్పను. వరసగా అన్నీ చూశాను. ఒక్కదాంట్లోనూ కుక్క లేదు.

అక్కడే నిజం చెప్పి ఉంటే ఈ కథ లేదు. కాని అత్త ముఖం చూసి నా నోరు వేరే మాట పలికింది. “కొంచెం క్లీన్ చెయ్యాలత్తా. రేపు మధ్యాహ్నానికి ఇస్తాను.”

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను కోతిని ముందే చేసేశాను. ఇప్పుడు దాన్నుంచి వెనక్కి వినాయకుణ్ణి తేవాలి. ఉన్నవాటిలో కాస్త తక్కువ చెడిన శరభాన్ని ఎంచుకుని, నా కళాఖండం పాడవకూడదని దానికి మాత్రం ఒక నకలు తీసి, ఆ నకలు మీద పని మొదలుపెట్టాను. మూడో కన్ను పూడ్చాను. జూలు గొరిగాను. ముఖం ఏదో ఒక కుక్క ముఖంలా తేలింది. రెక్కలు చెరిపేసరికి అసలు చిక్కు బయటపడింది. రెక్కల కింద కుక్క లేదు. రెక్కలు బాగా కుదరాలని ఆ వీపును నేనే ఎప్పుడో చెరిపేశాను.

ఒళ్లు కావాలి. నా దగ్గర అప్పటికి నా చేయి పడని కుక్క ఫోటో ఒకే ఒక్కటుంది. వర్క్‌షాప్ పెద్ద ఆఫీసర్‌గారి బంగళా గేటు సందులోంచి తీసిన బ్రూనో ఫోటో. అదీ మట్టిరంగే. కాకపోతే షేరూది ఎండకు వెలిసిన గోనెసంచి రంగు, బ్రూనోది నూనె రాసిన టేకు బల్ల రంగు. కళ్లు మూసుకుని షేరూ తలను బ్రూనో మెడకు అతికించాను.

చిరిగిన చెవి ఏదో గుర్తు రాలేదు. అత్తను అడిగితే ఎడమ అంది. మావను అడిగితే కుడి అన్నాడు. మా అమ్మ, “చెవులు బాగానే ఉంటాయి, చిరిగింది తోక కదేటి?” అంది. న్యాయంగా రెండు చెవులూ కొంచెం కొంచెం చింపాను.

ప్రింటును అత్త గుమ్మంలోకి, వెలుగులోకి పట్టుకెళ్లి చూసింది.

“ఈడు ఇంత బలంగా ఎప్పుడున్నాడు?”

“నీ చేతి తిండి మహిమ,” అన్నాడు మావ.

అత్తకు ఆ మాట నచ్చింది. అయినా వేలితో మెడ మీద తడిమింది. “ఇక్కడేటో తేడాగా ఉన్నాది.”

“కెమెరా యాంగిల్ అత్తా,” అన్నాను.

మావ కళ్లజోడు సర్దుకున్నాడు. “నాను జీవితమంతా యాంగిళ్లే వెల్డింగు చేసినాను. ఇంత వంకర యాంగిల్ ఎక్కడా తగల్లేదు,” అన్నాడు. అయినా అతికించమని ప్రింటును నా చేతిలోనే పెట్టాడు. కుక్క దొరికితే చాలు, ఫోటో ఎలా ఉంటే ఏం.

పోస్టర్ మీద మావ ఫోన్ నంబరు వేశాం. తెచ్చినవారికి సత్యవతత్త చేతి చేపల పులుసుతో భోజనం అని హిందీలో, తెలుగులో రాశాం. కాలనీ గోడల మీద, టీ బడ్డీల మీద నేనే అతికించాను. కాలనీలోని ఒక టెంపో డ్రైవర్ కొన్ని పట్టుకెళ్లి ధమ్‌తరి రోడ్డు మీద అభన్‌పూర్ దాకా, ఇటు మందిర్ హసౌద్ దాకా అంటించి వచ్చాడు.

ఫోన్లు రావడం మొదలైంది. అభన్‌పూర్ నుంచి ఒకాయన, “ఏ కుకుర్ ఆయ్ కి బఛ్వా?” అని అడిగాడు. ఇది కుక్కా, దూడా అని ఆయన సందేహం. ఒకడు చేతిలో పట్టేంత కుక్కపిల్లను తెచ్చి, ఇంకా పెరుగుతుంది, పెరిగాక అచ్చం పోస్టర్‌లాగే ఉంటుందని హామీ ఇచ్చి, చేపల పులుసు తిని, పిల్లను తీసుకుని వెళ్లిపోయాడు. అత్త ఎవరినీ తిట్టలేదు. వచ్చినవాళ్లకల్లా వడ్డించింది. తాను మాత్రం రెండు మెతుకులు కతికి లేచేది.

ఆ తర్వాత ఒక ఉదయం ఆటో ఆగింది. టీ బడ్డీ దగ్గర ఉండే కుర్రాళ్లిద్దరు ఒక కుక్కను దించారు.

“చాచీ, మిల్ గయా.” దొరికిందట, బంగళాల వైపు రోడ్డు మీద తిరుగుతుంటే పట్టుకున్నారట.

కుక్క మాకు వీపు చేసి ఉంది. టేకు బల్ల రంగు వీపు. అణువణువూ పోస్టరే. బంగళా గేటు సందులోంచి నేను ఫోటో తీసిన వీపే అది. అత్త, “షేరూ,” అని పిలిచింది. కుక్క తల తిప్పింది.

“ఇదేటి, మొకం మారిపోనాది,” అంది అత్త.

కుర్రాళ్లలో ఒకడు పోస్టర్ తీసి పట్టుకుని చూశాడు. వాడు చదువుకున్నవాడిలా ఉన్నాడు. “దివాలీ పటాఖా కా షాక్ హై చాచీ. షాక్ సే చెహరా బదల్ జాతా హై,” అన్నాడు. బాంబుల అదురుకు ముఖం మారిపోయిందని వైద్యం చెప్పి, భోజనానికి కూర్చున్నాడు.

అత్త నమ్మీ నమ్మక కుక్కను వరండాలో కట్టేసింది. బ్రూనో పులుసు అన్నం రెండుసార్లు తిని అక్కడే పడుకుంది. నేను మా ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినవాడైనా ఒకే కుక్క తోక పట్టుకుని ఉంటాడు. నేను పట్టుకున్నది ఒక కుక్క తల, ఇంకో కుక్క తోక.

మధ్యాహ్నం మావ డ్యూటీ నుంచి వచ్చాడు. గేటు తీశాడు. కుక్కను చూశాడు. చేతిలోని టిఫిన్ డబ్బా మెల్లగా కింద పెట్టాడు. రోజూ పొద్దున పెద్ద ఆఫీసర్ సాహెబ్ జీపులో ముందు సీటు మీద కూర్చుని వర్క్‌షాప్ గేటు దాకా వచ్చే ముఖాన్ని ఆయన గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు?

“ఇది షేరూ కాదు,” అన్నాడు. “ఇది మా సాహెబ్.”

“సాహెబేటి?” అంది అత్త.

“సాహెబ్‌ది. ఎవలు కట్టినారు?”

“నానే కట్టినాను.”

మావ గొలుసు విప్పడానికి వంగి, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. ఆయన ప్రమోషన్ కాగితం ఆ సాహెబ్ బల్ల మీదే ఉంది. “ఇప్పుడు నాను తోలుకెల్లి అప్పగిస్తే దొరికిందంటారా, ఎత్తుకెల్లినానంటారా?” అని నన్నే అడిగాడు. నేను అప్పటికే గోడ మీద నుంచి తొంగి చూస్తున్నాను. జవాబు చెప్పేలోపు జీపు వచ్చి ఆగింది.

సాహెబ్ దిగాడు. ఆయన భార్య దిగింది. ఆమె చేతిలో గోడ నుంచి ఊడదీసిన మా పోస్టర్ ఉంది. ఆమె, “బ్రూనో,” అనగానే బ్రూనో తోక ఊపింది గాని లేవలేదు. కడుపు నిండా పులుసు ఉంది మరి. అక్కడ హిందీలో జరిగిన విచారణను మీ సౌకర్యం కోసం తెలుగులో చెబుతున్నాను.

“మా కుక్క తప్పిపోయిందని మీరెందుకు పోస్టర్ వేశారు?” అన్నాడు సాహెబ్.

“తప్పిపోయింది మా కుక్క సర్.”

“మరి ఆ కట్టేసి ఉన్నది?”

“అది మీ కుక్క సర్.”

“పోస్టర్‌లో ఉన్నది?”

మావ పోస్టర్ వైపు చూశాడు. బ్రూనో వైపు చూశాడు. వెల్డర్ కన్ను అతుకును పట్టేసింది. “మెడ కింద మీది సర్,” అన్నాడు. “మెడ పైన మాది.”

మేమ్‌సాహెబ్ కళ్లజోడు పెట్టుకుని పోస్టర్‌ను దగ్గరగా పెట్టుకుంది. “వీపు మీద ఇదేమిటి? ఈకలా ఉంది,” అంది.

నేను చెరపడం మరిచిన రెక్క కొస అది. అందరూ తలలు తిప్పారు. గోడ మీద నా తల ఒక్కటే ఉంది.

తర్వాత నా గదిలో నేను, సాహెబ్, మేమ్‌సాహెబ్, మావ, అత్త, మా అమ్మ. కంప్యూటర్ తెరవమన్నారు, తెరిచాను. శరభం వచ్చింది. సింహం జూలు, మంట రంగు రెక్కలు, నుదుట కన్ను. అసలు ఫోటోలేవని మావ అడిగాడు. ఇవేనన్నాను. వీటి కింద ఏమీ లేదా అన్నాడు. లేదన్నాను. మా అమ్మ చీపురు ఎక్కడుందో చూస్తోంది. సాహెబ్ ఎదురుగా అది తీయడం బాగుండదని ఆగిందని నా నమ్మకం.

అత్త ముందుకు వచ్చింది. తెర మీద వేలు పెట్టి షేరూ కళ్లను తడిమింది.

“ఈడే,” అంది. “చూడండి ఆ చూపు. కుక్కరు కూసినప్పుడు బిల్కుల్ ఇలగే చూస్తాడు.” నా వైపు తిరిగింది. “ఇది ఉండగా ఆ దిక్కుమాలిన బొమ్మ ఎందుకు అతికించినావురా?”

“దీనికి రెక్కలున్నాయత్తా.”

“కుక్కలకి రెక్కలుండవని జనాలకి తెల్దేటి?”

మావ ఆ మాటను సాహెబ్‌కు హిందీలో చెప్పాడు. ఆయన అంతసేపూ బిగించుకుని కూర్చున్న ముఖం వదులైంది. నవ్వాడు. “ఆవిడ చెప్పింది నిజం,” అన్నాడు. “ఇదే వేయండి.”

వేశాం. రెక్కలతో, జూలుతో, మూడో కన్నుతో సహా వేశాం. కింద అత్త చెప్పగా నేను రాసింది ఒకటే వాక్యం: రెక్కలు పట్టించుకోకండి, ముఖం చూడండి. మొదటి పోస్టర్ ముందు ఆగినవాళ్లు తక్కువే, కుక్క బొమ్మ చూడనివాడెవడు? ఈసారి సైకిళ్లు ఆగాయి. ఆటోలు ఆగాయి. టీ బడ్డీ దగ్గర ఇది ఏ దేవుడి వాహనమని వాదన జరిగింది. ఒక పెద్దాయన దండం కూడా పెట్టాడని విన్నాను. నా కళకు దక్కిన తొలి గౌరవం అదే. కాని ఆనందించే పరిస్థితిలో నేను లేను.

ఫోన్ మందిర్ హసౌద్ నుంచి వచ్చింది. రోడ్డు పక్క ఢాబా ఆయన. “రెక్కలు లేవు భాయ్‌సాబ్. జూలూ లేదు. కాని మొహం అదే. నా తందూర్ వెనక కూర్చుని, నేనేదో తప్పు చేసినట్టు నన్నే చూస్తోంది,” అన్నాడు.

మావ, అత్త స్కూటర్ మీద, నేను కెమెరాతో టెంపోలో వెళ్లాం. పటాసుల రాత్రి ఏ లారీ ఎక్కి అంత దూరం వెళ్లిందో ఇప్పటికీ తెలియదు. తందూర్ వెనక బొగ్గు బస్తాల మధ్య నుంచి షేరూ బయటికి వచ్చింది. ఎముకలు లెక్కపెట్టేలా ఉంది. అత్త అక్కడే మసి నేల మీద చతికిలబడింది. షేరూ వచ్చి ఆమె ఒళ్లో తల దాచుకుంది. మావ పక్కకు తిరిగి ఢాబా బోర్డును శ్రద్ధగా చదవసాగాడు. నేను కూడా ఆ బోర్డే చదివాను. మెడలో కెమెరా ఉందని నాకు గుర్తే రాలేదు.

ఢాబా ఆయన చేపల పులుసు భోజనానికి ఆ ఆదివారమే వచ్చాడు. మావకు ప్రమోషన్ వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు తెలియదు, ఆయన పని మంచిది కాబట్టే అయి ఉంటుంది. బ్రూనో మాత్రం ఆ తర్వాత రెండుసార్లు బంగళా గేటు దూకి అత్త వరండాలోకి వచ్చి పడుకుంది.

షేరూ కాస్త ఒళ్లు చేశాక నేను బుద్ధిగా ఒక ఫోటో తీశాను. ముందు నుంచి, వెలుగులో, చెవులు రెండూ కనిపించేలా. చిరిగింది కుడి చెవే. ప్రింటు తీయించి, చట్రం కట్టించి, నా తప్పుకు ప్రాయశ్చిత్తంగా అత్త చేతిలో పెట్టాను. అత్త దాన్ని దగ్గర పెట్టి చూసింది. దూరం పెట్టి చూసింది.

“ఇదేటి,” అంది, “ఉత్త కుక్కలా ఉన్నాడు. రెక్కలెట్టి తే.”

ఆ చట్రాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి నడుస్తూ, తూర్పు ముఖంగా ఆగి, కాలనీ సమస్త పశుపక్ష్యాదుల సాక్షిగా ఒక ప్రతిజ్ఞ చేశాను. నాలుగు కాళ్లున్న ఏ ప్రాణికీ, దాన్ని పెంచేవాళ్లు ఎంత బతిమాలినా సరే, నా బొందిలో ప్రాణముండగా ఒక్క ఈకనైనా తగిలించను, దాని అసలు ఫోటోకు మూడు నకళ్లు తీసి, అందులో ఒకటి మా అమ్మ బీరువాలో పెట్టి తాళం వేయించేదాకా.